మీటరు నిజమే చెప్పింది

కాలిపోని మోటారు కాలిపోయిందని తీర్పు చెప్పాను. కొత్త మోటారు అమ్మినవాణ్ణి అతని దుకాణంలోనే నలుగురి ముందు దబాయించాను. ఇంతా చేసి లోపం ఎక్కడుందంటే, నేను దగ్గరుండి చేయించిన పనిలో ఉంది. కరెంటంటే తెలియనివాడు ఇలా చేస్తే పోనీలే పాపం అనుకోవచ్చు. నేను భౌతికశాస్త్రం పంతుల్ని. నవీపేట్ చుట్టుపక్కల బడుల్లో పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం చెప్పి, దాని మీద లెక్క తప్పినవాళ్లను బెంచీ ఎక్కించి రిటైరైనవాణ్ణి. ఆ నియమం నా కారు బానెట్ కింద కూర్చుని పిలుస్తుంటే గుర్తుపట్టలేకపోయాను.

ముందు జబ్బేమిటో చెప్తాను. మా కారు పాతది, చిన్నది, ఏసీ పనిచెయ్యదు. బాసర వైపు తోలితే యంచ దాటి గోదావరి వంతెన మీదికి పోయినా వేడి చూపించే ముల్లు సగం దాటేది కాదు. అదే కారు శనివారం పూట నవీపేట్ మేకల సంతలో ఇరుక్కుంటే మాత్రం కథ మారేది. సంత రోజు ఆ రోడ్డు మనుషులది కాదు. ట్రాలీలు, ఆటోలు, వాటిలోంచి తలలు బయటపెట్టి చూసే పోతులు, నడిరోడ్డు మీదే బేరాలు. ఫస్టు గేరులో నాలుగడుగులు, మళ్లీ ఆగుడు. మే నెలలో నిజామాబాద్ జిల్లాకు 45 డిగ్రీలు కొత్త కాదు. అట్లా ఆగి ఉన్నప్పుడే ముల్లు పైకి పాకేది. గుంపు దాటి కాస్త వేగం అందుకోగానే దానంతటదే దిగేది.

ఈ ఒక్క లక్షణంలోనే సగం రోగనిర్ధారణ ఉంది. పరుగెత్తే కారుకు ఎదురుగాలి చాలు, ఫ్యాన్‌తో పనిలేదు. ఆగిన కారుకు రేడియేటర్ గుండా గాలి పోవాలంటే ఫ్యాన్ తిరగాల్సిందే. ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడితే అనుమానం ఫ్యాన్ మీద పెట్టుకోవాలి. పోతున్నప్పుడు కూడా వేడెక్కితే అప్పుడు రేడియేటర్ పూడిందా, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదా, నీళ్ల పంపు చెడిందా, కూలెంట్ తగ్గిందా అని చూడాలి. ఇది నాకు తెలియదా? తెలుసు. అయినా మొదట కూలెంట్ మార్పించాను. తర్వాత థర్మోస్టాట్ మార్పించాను. బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా, ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని నిలబడి చూసే ఓపిక మాత్రం చూపలేదు. చూడటం ఉచితం. ఉచితంగా తెలిసేదాని మీద చదువుకున్నవాడికి గౌరవం తక్కువ.

ఫ్యాన్ తిరగడం లేదన్నది చివరికి మా ఇంటామె కనిపెట్టింది. సంతలో బండి ఆపి బానెట్ ఎత్తితే, కొంగుతో విసురుకుంటూ వచ్చి, "గా ఫ్యాన్ తిరుగుతలేదు గదండి, తిరగాల్నా వద్దా?" అంది. అప్పుడు చూశాను.

ఈ ఫ్యాన్‌కు ఒక చరిత్ర ఉంది. పాత అంబాసిడర్‌లో ఫ్యాన్‌కు కరెంటు అక్కర్లేదు. ఇంజన్ తిరిగితే బెల్టు తిరిగేది, బెల్టు తిరిగితే ఫ్యాన్ తిరిగేది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద బానెట్ కింద ఇంజన్ అడ్డంగా పడుకోవడం మామూలైపోయింది. అడ్డంగా పడుకున్న ఇంజన్ నుంచి ముందరి రేడియేటర్ దగ్గరికి బెల్టుకు తిన్నని దారి ఉండదు. అందుకని ఫ్యాన్‌కు సొంత మోటారు పెట్టారు. అవసరమైనప్పుడే తిరుగుతుంది, పెట్రోలు ఆదా. కానీ అవసరమైనప్పుడు తిరగకపోతే నోరెత్తి చెప్పదు. ముల్లు మీద కన్ను లేకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయాక తెలుస్తుంది.

ఇక సర్క్యూట్. ఇందులో రెండు దారులుంటాయి. ఒకటి ఆజ్ఞ పోయే దారి, రెండోది పని జరిగే దారి. ఇంజన్ నీళ్లలో కొస ముంచుకుని ఒక సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా చిన్న కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓమ్‌లున్నది 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందలకు పడిపోతుంది. ఆ మార్పును చూసి ఇంజన్ కంప్యూటర్ 95 డిగ్రీలకు అటూ ఇటూగా రిలేకు ఆజ్ఞ ఇస్తుంది. రిలేలో సన్నతీగ చుట్ట ఉంటుంది. అందులో పారేది ఆంపియర్‌లో ఆరేడో వంతు, అంతే. చుట్ట అయస్కాంతమై ఒక పలకను లాగుతుంది, దాంతో పెద్ద దారి కలుస్తుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి రిలే పలక, అక్కణ్ణుంచి మోటారు, మోటారు నుంచి కారు బాడీ ఇనుము, ఆ ఇనుము మీదుగా మళ్లీ బ్యాటరీ నెగెటివ్. ఈ దారిలో పారేది చిన్న కారులోనైనా పది ఆంపియర్ల మాట. రిలే కాళ్లకు జర్మన్ ప్రమాణం డిన్ 72552 ప్రకారం నంబర్లు కూడా ఉంటాయి: 85, 86 చుట్టవి, 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 మోటారుకు పోయేది.

ఇదంతా తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీశాను. బ్యాటరీకి రెండు గీతలు, ఫ్యూజ్‌కు డబ్బా, మోటారుకు సున్నా. మోటారు అవతలి కొసన, బడిలో వేయి సార్లు వేసిన అలవాటుతో, ఎర్త్ గుర్తు వేశాను. ఒకదాని కింద ఒకటి, పొడుగు తగ్గుతూ మూడు గీతలు. బొమ్మ ఎంత చక్కగా వచ్చిందంటే దాన్ని చూసుకుని మురిసిపోయి, కారు కూడా అలాగే ఉంటుందని నమ్మాను.

తర్వాతి మూర్ఖత్వాలు వరస తప్పకుండా చెప్తాను.

మొదటిది రిలే. మా కారులో హారన్‌కూ అదే రకం రిలే. రెంటినీ అటూ ఇటూ మార్చి హారన్ నొక్కితే ఫ్యాన్ రిలే మంచిదో కాదో పైసా ఖర్చు లేకుండా తేలేది. నేను బస్సెక్కి నిజామాబాద్ పోయి కొత్త రిలే కొన్నాను. ఫ్యాన్ తిరగలేదు.

రెండోది సెన్సర్. ఇగ్నిషన్ ఆన్ చేసి సెన్సర్ కప్లర్ పీకాను. సెన్సర్ తెగిపోయిందని అనిపించగానే, ఎందుకైనా మంచిదని ఫ్యాన్ వేసేసే తెలివి చాలా కంప్యూటర్లకు ఉంటుంది. మా దానికీ ఉంది. రిలే 'టక్' మంది. ఫ్యాన్ మాత్రం తిరగలేదు. ఆ టక్కులో ఎంత సాక్ష్యం ఉందో చూడండి. కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చింది. ఆజ్ఞ రిలే చుట్టకు చేరింది. చుట్ట పలకను లాగింది. ఆజ్ఞ అందాక కూడా ఫ్యాన్ తిరగలేదంటే జబ్బు పని జరిగే దారిలో ఉందన్నమాట, సెన్సర్ జోలికి పోవాల్సిన పనే లేదు. ఆ టక్కు విన్న చెవులు తగిలించుకునే పోయి కొత్త సెన్సర్ కొన్నాను. చాయ్ హోటల్లో అడిగిన ప్రతివాడూ "సెన్సర్ సార్" అన్నాడు. ఈ మధ్య కారులో ఏది పోయినా సెన్సరే అంటున్నారు. నలుగురి మాట ముందు రిలే మాట నాకు ఆనలేదు.

మూడోది మోటారు. ఇక్కడే అసలు బోల్తా. మోటారుకు పోయే కప్లర్ విప్పి, మల్టీమీటర్ ఎర్ర తీగ పాజిటివ్ పిన్నుకు, నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టాను. మీటరు 12.4 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తోంది. మోటారు తిరగడం లేదు. కనుక మోటారు పోయింది." మూడు వాక్యాల్లో కేసు మూసేశాను. ఆ మోటారునే విప్పి రెండు తీగలతో బ్యాటరీకి నేరుగా తగిలిస్తే అది గిర్రున తిరిగి నా తీర్పును కొట్టేసేది. తగిలించలేదు. తర్కం పూర్తయ్యాక ప్రయోగం ఎందుకు అనుకున్నాను. ఫ్యూజ్ కూడా అడ్డం చెప్పింది. మోటారు బిగుసుకుపోయి ఉంటే కరెంటు విపరీతంగా లాగి ఫ్యూజ్ పోవాలి, పోలేదు. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయిలే, అప్పుడు ఫ్యూజ్ పోనక్కర్లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుతో ఉన్న పెద్ద చిక్కు ఇదే, తప్పుకు కూడా సంజాయిషీ వెంటనే దొరుకుతుంది.

కొత్త మోటారు బిగించాం. రెక్కలు ఒకసారి వణికాయి, ఆగాయి. ఎక్కడో రంగు కాలుతున్న వాసన వచ్చింది. కొత్త మోటారు కదా, వార్నిష్ వాసన అనుకున్నాను.

అప్పుడు మా వీధిలో వైరింగ్ పని తెలిసిన కుర్రాడు, "డైరెక్ట్ ఇద్దం సార్, ఒక స్విచ్ పెడ్త, మీకు గావాల్నంటే ఏస్కోవచ్చు" అన్నాడు. బ్యాటరీ పాజిటివ్ నుంచి డ్యాష్‌బోర్డ్ కింద స్విచ్‌కు, స్విచ్ నుంచి మోటారుకు తీగ లాగాడు. ఫ్యూజ్ పెట్టలేదు. నేనూ అడగలేదు. ఆ తీగ ఎక్కడన్నా రాసుకుని, తొడుగు చిరిగి, బాడీకి తగిలి ఉంటే సంత నడుమ కారే అంటుకునేది. ఇంత సాహసం చేసినా ఫ్యాన్ తిరగలేదు. డైరెక్ట్ ఇచ్చినా తిరగని మోటారు డూప్లికేట్ కాక మరేమిటి? డైరెక్ట్ అనుకున్నది సగం డైరెక్టేనని, పాజిటివ్ ఒక్కటే కొత్తదని, తిరుగుదారి ఆ పాతదేనని ఒక్క క్షణం కూడా తోచలేదు.

దుకాణానికి పోయాను. అతను మర్యాదగానే అడిగాడు. "సార్, ఎర్త్ జూశిన్రా?"

"నాకు ఎర్త్ నేర్పుతున్నవా?"

"గట్ల గాదు సార్. మోటర్ ఇప్పి తెండ్రి. ఈడ్నే బ్యాటరీకి పెట్టి చూద్దం."

ఇంతకన్నా న్యాయమైన మాట ఏ వ్యాపారీ అనడు. నేను ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి మీటరును బజర్ మీద పెట్టి, ఒక తీగ మోటారు ఎర్త్ పిన్నుకు, ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించాను. 'పీప్' మంది. ఎర్త్ భేషుగ్గా ఉందన్నమాట! ఆ పీప్ మోసుకుని మళ్లీ దుకాణానికి పోయి, ఈసారి గొంతు పెంచి, నకిలీ సరుకు అమ్ముతున్నావన్నాను. అతను ఏమీ అనలేదు. పక్కన నిలబడ్డవాళ్లు నా వైపే ఉన్నట్టు తలలూపారు. తెల్లచొక్కా, కళ్లద్దాలు, చేతిలో మీటరు. ఎవరైనా నన్నే నమ్ముతారు.

ఇంట్లో మాత్రం నమ్మకం తగ్గింది. "ఇంట్ల కూలర్ కరాబై మూల పడ్డది. దాన్నిడిసిపెట్టి కారుకు గాలి కొడుతున్నరు" అంది మా ఇంటామె. జవాబు లేదు.

జానకంపేట్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు. తండ్రి బోధన్ షక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేశాడట. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఫ్యాక్టరీ అది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. కొడుకు షార్జా గ్యారేజీల్లో కొన్నేళ్లు చేసి తిరిగొచ్చి ఈ షెడ్డు వేసుకున్నాడు. ఉదయం చల్లపూట కారు తోలుకుపోయి, జరిగిందంతా చెప్పి, నా బొమ్మ చేతికిచ్చాను.

భాయ్ దాన్ని వెలుతురుకు పట్టి శ్రద్ధగానే చూశాడు. "బొమ్మ మంచిగున్నది సార్" అన్నాడు. తర్వాత నల్లటి గోరున్న వేలు ఆ మూడు గీతల మీద పెట్టాడు. "ఇది బాడీకి తాకిందని మీకెవరు జెప్పిన్రు?"

"మీటరు. పీప్ అంది."

"మీటర్‌కు ఆకలుండది సార్. బల్బుకుంటది."

బ్రేకు లైటు బల్బు ఒకటి, రెండు తీగలు అతికించింది, మేకుకు వేలాడుతోంది. ఒక తీగ బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాడు. రెండోది మోటారు ఎర్త్ పిన్నుకు ఆనించాడు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. అదే తీగ బ్యాటరీ నెగెటివ్‌కు ఆనిస్తే తెల్లగా భగ్గుమంది. ఒక్క మాట మాట్లాడకుండా నా వైపు చూశాడు. నాకింకా ఎక్కలేదని గ్రహించి, "మీ మీటర్‌తోనే జూడుండ్రి" అన్నాడు. కప్లర్ విప్పవద్దన్నాడు. డ్యాష్‌బోర్డ్ కింది స్విచ్ వేయించాడు. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్ర తీగ కప్లర్ వెనకనుంచి మోటారు ఎర్త్ పిన్నుకు పెట్టమన్నాడు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. మంచి ఎర్త్ అయితే వోల్టులో ఐదో వంతు కూడా దాటకూడదు. మీటరు పది వోల్టుల పైన చూపించింది.

ఆ అంకె చూసిన మరుక్షణం ఉద్యోగమంతా చెప్పిన పాఠం ఒక్కసారిగా అర్థమైంది. లెక్క ఇది. ఆగి ఉన్న మోటారు నిరోధం అర ఓమ్ అనుకోండి. చెడిన ఎర్త్ దగ్గర మూడు ఓమ్‌లు ఉన్నాయనుకోండి. మొత్తం మూడున్నర. 12 వోల్టులను దాంతో భాగిస్తే పారేది సుమారు 3.4 ఆంపియర్లు. అందులో మోటారుకు దక్కేది 1.7 వోల్టులు, మిగిలిన 10.3 వోల్టులు ఎర్త్ బోల్టు దగ్గరే ఖర్చు. మోటారు వణకడం తప్ప ఏం చేస్తుంది? బోల్టు దగ్గర పుట్టే వేడి 35 వాట్లు. రంగు కాలిన వాసన అక్కడిది. పదో తరగతిలో ఇది రెండు మార్కుల లెక్క.

మరి నా మీటరుకు 12.4 వోల్టులు ఎందుకు వచ్చాయి? నల్ల తీగ బ్యాటరీ మీద పెట్టి చెడిన చోటును నేనే తప్పించేశాను. పోనీ ఎర్త్ పిన్నులోనే పెట్టినా అంతే వచ్చేది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం మామూలుగా కోటి ఓమ్‌లు. 12 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు ఆంపియర్‌లో పదిలక్షలో వంతుకు కాస్త ఎక్కువ. అంత సన్నని కరెంటుకు మూడు ఓమ్‌లేమిటి, మూడు వేల ఓమ్‌లు అడ్డొచ్చినా లెక్కలోకి రావు. 21 వాట్ల బల్బు లాగేది ఒకటీ ముప్పావు ఆంపియర్. మీటరు కన్నా పదిలక్షల రెట్లకు పైనే. భాయ్ చెప్పిన ఆకలి ఇదే. ఇక ఆ పీప్ సంగతి. బజర్ మోగడానికి నిరోధం సున్నా కానక్కర్లేదు. చాలా మీటర్లు ముప్పై నలభై ఓమ్‌లున్నా మోగుతాయి. మూడు ఓమ్‌ల ఎర్త్‌కు అది సంతోషంగా మోగింది. పది ఆంపియర్లు పోవాల్సిన చోట మూడు ఓమ్‌లంటే ముప్పై వోల్టులు కావాలి, బ్యాటరీలో ఉన్నవి పన్నెండు.

మీటరు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. 12.4 నిజం, పీప్ నిజం. నేను అడిగిన ప్రశ్నలే తేలికవి. పని చెప్పకుండా అడిగితే తుప్పుపట్టిన బోల్టు కూడా 'నేను బాగున్నాను' అంటుంది.

"సార్, ముందటి పట్టీకి రంగెప్పుడు ఏపిచ్చిన్రు?" అన్నాడు భాయ్.

ఆ ప్రశ్నతో నా మొహం ఎలా అయిందో నాకు కనబడదు కాబట్టి బతికిపోయాను. మాఘమాసంలో, వసంత పంచమికి ముందు. మనవరాలికి బాసరలో అక్షరాభ్యాసం. రేడియేటర్ కింది పట్టీ తుప్పు పట్టి చూడటానికి అసహ్యంగా ఉందని రంగు వేయించాను. పెయింటర్ ఎర్త్ తీగ బోల్టు విప్పాడు, పట్టీకి రంగు కొట్టాడు, ఆరాక తీగ రింగును ఆ రంగు మీదే పెట్టి బిగించాడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూర్చుని ఊరుకున్నానా? "ఆ బోల్టు కాడ ఇంకో కోటు ఎయ్యి, నీళ్లు అక్కడే నిలుస్తయ్" అన్నాను. రంగు కరెంటును పోనివ్వదని ఆరో తరగతి పిల్లలకు వాహకాలు, బంధకాలు అని చెప్పిన నోటితోనే అన్నాను.

అప్పట్నుంచి రింగుకూ పట్టీకీ మధ్య మిగిలింది బోల్టు మరల ద్వారా అందే కాస్త సంబంధం. చలికాలం, ఖాళీ రోడ్డు, ఫ్యాన్‌తో అంతగా పనిపడలేదు. పనిపడినప్పుడల్లా ఆ కాస్త చోటూ వేడెక్కి, మాడి, తుప్పు పట్టి ఇంకాస్త తగ్గింది. మే వచ్చేసరికి చాలకుండా పోయింది. తప్పు మాఘంలో జరిగితే ఫలితం వైశాఖంలో కనబడింది. నడుమ నెలలు గడిచాయి కాబట్టి ఒకదాన్ని ఒకదానితో ముడిపెట్టలేదని తప్పించుకోవచ్చు. కానీ నిజం అది కాదు. రిలేను అనుమానించాను, సెన్సర్‌ను, మోటారును, అది అమ్మినవాణ్ణి, అతనికి అమ్మిన కంపెనీని కూడా అనుమానించాను. 'ఈ మధ్య ఇక్కడ చెయ్యిపెట్టింది ఎవరు?' అని మాత్రం అడుక్కోలేదు. జవాబు నేనే అవుతానని లోపలెక్కడో తెలిసే ఉంటుంది.

వైద్యం అయిపోయేసరికి చాయ్ చల్లారలేదు. భాయ్ బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో రంగు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దాడు. రింగు రెండు పక్కలా రుద్దాడు. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించి, తడి తగలకుండా పైన వ్యాసెలిన్ రాశాడు. ఫ్యూజ్ లేని ఆ స్విచ్ తీగను చూసి నాలుక కరుచుకుని మొత్తం పీకేశాడు. సెన్సర్ కప్లర్ తీయగానే టక్కుమంది, ఆ వెంటనే ఫ్యాన్ హోరుమని లేచింది. తీసుకున్న కూలి నేను కొన్న రిలే ధర కూడా లేదు. నా పాత మోటారును కూడా బ్యాటరీకి పెట్టించాను. అదీ హోరుమంది.

తోలుకొస్తూ ఓమ్‌ను తలుచుకున్నాను. జార్జ్ సైమన్ ఓమ్ కూడా నాలాగే బడిపంతులు, జర్మనీలోని కొలోన్ ఊళ్లో చెప్పేవాడు. 1825లో ఆయన మొదటి వ్యాసంలో రాసిన సూత్రం తప్పు. కారణం, ఆయన వాడిన ఆనాటి ఘటాలు కరెంటు లాగిన కొద్దీ బలం కోల్పోయేవి. పని పెట్టగానే మూలమే వంగిపోతే కొలతలు సరిగ్గా ఎలా వస్తాయి? పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాతో, ఘటాలు పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిపిన అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, ఒకదాన్ని మంచులో ఉంచి, నిలకడైన మూలం తయారుచేసుకుని 1826లో మళ్లీ కొలిచాడు. అప్పుడు అసలు నియమం బయటపడింది. 1827లో పుస్తకం వేశాడు. తన దేశంలో పెద్దగా ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఈ కథ తరగతిలో చెప్పేవాణ్ణి, పతకం గురించి ఎక్కువ, మొదటి తప్పు గురించి తక్కువ. ఇప్పుడనిపిస్తోంది, పిల్లలకు పనికొచ్చేది ఆ మొదటి తప్పే. పతకం పరీక్షకు పనికొస్తుంది.

నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఫ్యాన్ తిరగనప్పుడు ఏ వరసలో చూడాలో చెప్తాను. ముందు ఫ్యూజ్ చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, చేతులు రెక్కలకు దూరంగా ఉంచి, సెన్సర్ కప్లర్ పీకి రిలే చప్పుడు వినండి. టక్కుమంటే ఆజ్ఞ దారిని వదిలేయండి. మోటారును రెండు తీగలతోనూ బ్యాటరీకి నేరుగా పెట్టి చూడండి, ఒక్క పాజిటివ్ ఇచ్చి డైరెక్ట్ అనుకోవద్దు. అది తిరిగితే కప్లర్ తగిలించే ఉంచి, ఫ్యాన్‌కు ఆజ్ఞ ఉండగా, బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు పాజిటివ్ పిన్ను దాకా ఎన్ని వోల్టులు పోతున్నాయో, మోటారు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగెటివ్ దాకా ఎన్ని పోతున్నాయో కొలవండి. ఎక్కడ ఎక్కువుంటే అక్కడే జబ్బు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం విప్పకండి. ఒత్తిడి మీద ఉన్న ఆ నీళ్లు వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా కాచుకుని ఉంటాయి, మూత తీయగానే మొహం మీదికి లేస్తాయి. ఇవన్నీ చేసే ముందు ఒక మాట గుర్తుచేసుకోండి: చివరిసారి ఆ చుట్టుపక్కల ఎవరు, ఏ పని చేశారు?

దుకాణానికి మళ్లీ పోవడం నవీపేట్ సంతను రివర్స్ గేరులో దాటడం కన్నా కష్టమైంది. ఎంత గొంతుతో తిట్టానో అంత గొంతుతోనే, జనం ఉన్నప్పుడే, తప్పు నాదని చెప్పాలని మనసులో అనుకున్నాను. గొంతు అంత పెగల్లేదు కానీ చెప్పాను. అతను కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. "ఎర్తేనా సార్?" అన్నాడు. ఎర్తే అన్నాను. "బిగిచ్చిన మోటర్ వాపస్ తీస్కోను గని, ఎవల్దన్న నిజంగ కాలిపోయిందనుకో, మీ కాడికి పంపుత. సగం ధరకియ్యుండ్రి" అన్నాడు.

మాట నిలబెట్టుకుని పంపుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మోటారు ఇచ్చే ముందు ఒక్కసారి అని, బ్రేకు లైటు బల్బు తీసుకుని వాళ్ల బండి దగ్గరికి పోతున్నాను. ఒకరిది కప్లర్‌లో పిన్ను మాడింది, ఒకరిది ఫ్యూజ్ కాలు వదులైంది, ఒకరిది నాలాగే రంగు. ఎవరి మోటారూ చావలేదు. ఎమరీ కాగితంతో పని అయిపోతే దండం పెట్టి పోతున్నారు. లక్షణమైన మోటారు, సగం ధర, ఇంకా నా దగ్గరే ఉంది. బల్బు నా చేతిలో ఉన్నంతకాలం అది అమ్ముడుపోయేట్టు లేదు. మూలనున్న కూలర్‌కు బిగించవచ్చా అని మా ఇంటామె అడుగుతోంది.